పరిమిత ఆదాయంతో చిన్న స్కూటరు కొనుగోలు: ధర, వాయిదా, నిర్వహణ, భద్రత

షోరూం గోడపై కనిపించే ధర ఒకటి. బండి తాళం చేతికి వచ్చేసరికి చెల్లించే మొత్తం మరొకటి. రుణం తీరేనాటికి ఇంటి నుంచి వెళ్ళిన సొమ్ము మూడవది. నెల జీతంపై ఆధారపడే కుటుంబాలు స్కూటరు కొనేటప్పుడు ఎక్కువగా మొదటి అంకెనే చూస్తాయి. ఇబ్బంది మాత్రం మూడవ అంకె దగ్గర మొదలవుతుంది. ఆసుపత్రిలో రాత్రి విధులు ముగించుకొని వచ్చే నర్సుకు, ఉదయాన్నే మార్కెట్టుకు వెళ్ళవలసిన చిరువ్యాపారికి, బస్సు సౌకర్యం అంతంతమాత్రంగా ఉన్న ఊరి నుంచి పట్టణానికి వచ్చే ఉద్యోగికి స్కూటరు నేడు జీవనోపాధిలో భాగం. అందువల్ల ఈ కొనుగోలులో జరిగే పొరపాటు భారం రెండు మూడేళ్ళ పాటు ఆ ఇంటి మీదే ఉంటుంది.

దేశంలో నేడు విక్రయమవుతున్న సాధారణ పెట్రోలు స్కూటర్లలో అత్యధికం 110 సీసీ, 125 సీసీ తరగతులకు చెందినవి. వాటిలో తక్కువ ఖర్చుతో అవసరం తీర్చే బండిని ఎంచుకొనే విధానాన్ని, లెక్క వేసే పద్ధతిని, చట్టం కోరే పత్రాలను, ఖర్చు తగ్గించుకోకూడని అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ముందుగా అవసరాన్ని గుర్తించాలి

కంపెనీ పేరు, రంగు, ఆకారం చూడడానికి ముందు నాలుగు ప్రశ్నలకు సమాధానం రాసుకోవడం మంచిది. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరగాలి? బండిపై ఒక్కరే వెళతారా, ఇద్దరా? సరుకు మోయాలా? దారి పట్టణపు సిమెంటు రోడ్డా, గుంతలున్న పల్లె దారా, ఎత్తుపల్లాల కొండ దారా? ఈ నాలుగు సమాధానాలు తేలితే బండి ఎంపిక సగం పూర్తయినట్లే.

ఒక్కరే రోజుకు పది పన్నెండు కిలోమీటర్లు పట్టణంలో తిరిగేవారికి 110 సీసీ తరగతి సరిపోతుంది. హోండా యాక్టివా, టీవీఎస్ జూపిటర్, హీరో ప్లెజర్ ప్లస్, టీవీఎస్ స్కూటీ జెస్ట్ ఈ తరగతిలో ప్రజలకు బాగా పరిచయమైన బండ్లు. ఇద్దరు పెద్దలు నిత్యం ప్రయాణించేవారికి, ఫ్లైఓవర్లు, ఘాట్ రోడ్లు ఎక్కేవారికి 125 సీసీ తరగతి అనుకూలం. సుజుకీ యాక్సెస్, యమహా ఫాసినో, హీరో డెస్టినీ ఈ వర్గంలోకి వస్తాయి. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు చిన్న ఇంజనుకు యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పవలసి వస్తుంది. అటువంటి వాడకంలో దాని మైలేజీ తగ్గి, పెద్ద ఇంజనుపై ఆశించిన ఆదా మిగలదు.

పాల క్యాన్లు, కూరగాయల బుట్టలు, సిలిండర్లు మోసేవారి అవసరం వేరు. స్కూటరు కాళ్ళ దగ్గర ఉన్న స్థలం పరిమితం. ఇటువంటి పనికి 99.7 సీసీ ఇంజనుతో వచ్చే టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 వంటి మోపెడ్‌ను చిరువ్యాపారులు, రైతులు ఏళ్ళ తరబడి వాడుతున్నారు. బండి బరువు తక్కువ, నిర్మాణం సరళం, మరమ్మతు పల్లెలోనే దొరుకుతుంది. అయితే వేగంగా సాగే జాతీయ రహదారిపై దూర ప్రయాణానికి ఇది తగినది కాదు.

నడిపేవారి శరీరానికి బండి సరిపోవడం కూడా ముఖ్యం. సీటుపై కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనాలి. చాలా స్కూటర్ల బరువు 100 నుంచి 110 కిలోల మధ్య ఉంటుంది. సెంటర్ స్టాండు వేయడం, ఇరుకు స్థలంలో వెనక్కి లాగడం షోరూంలోనే స్వయంగా చేసి చూడాలి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడే బండి అయితే, వారిలో ఎత్తు తక్కువ ఉన్నవారికి అనుకూలమైనదే అందరికీ అనుకూలం.

చక్రాల పరిమాణాన్ని చాలామంది గమనించరు. కొన్ని స్కూటర్లకు వెనుక చక్రం 10 అంగుళాలు, మరికొన్నింటికి 12 అంగుళాలు ఉంటుంది. గుంతల దారిలో పెద్ద చక్రం కుదుపును తగ్గిస్తుంది. ముందువైపు టెలిస్కోపిక్ ఫోర్కులు ఉన్న బండి ఇటువంటి దారుల్లో మేలు.

ఆన్‌రోడ్ ధరలో ఏమేమి ఉంటాయి

ఎక్స్‌షోరూం ధరలో వస్తు సేవల పన్ను కలిసే ఉంటుంది. 350 సీసీ వరకు ఉన్న ద్విచక్ర వాహనాలపై ఈ పన్నును 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. పన్నుకు ముందు ధర రూ.65,000 ఉన్న స్కూటరు పాత రేటు ప్రకారం రూ.83,200 కాగా, కొత్త రేటు ప్రకారం రూ.76,700 అవుతుంది. అంటే రూ.6,500 తేడా.

ఈ ధరకు తప్పనిసరిగా చేరేవి కొన్ని ఉన్నాయి. మొదటిది రాష్ట్ర ప్రభుత్వం వసూలు చేసే జీవితకాల పన్ను. ఇది రాష్ట్రాన్ని బట్టి, బండి ధరను బట్టి మారుతుంది. రెండవది రిజిస్ట్రేషన్ రుసుము, అధిక భద్రతా నంబరు పలక. మూడవది బీమా.

బీమాలో తప్పనిసరి భాగం థర్డ్ పార్టీ రక్షణ. మన బండి వల్ల ఇతరులకు కలిగే నష్టానికి ఇది వర్తిస్తుంది. సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఈ బీమాను ఒకేసారి అయిదేళ్ళకు తీసుకోవలసి ఉంటుంది. 2022 జూన్‌లో అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం 75 సీసీ దాటి 150 సీసీ వరకు ఉన్న కొత్త బండికి అయిదేళ్ళ ప్రీమియం రూ.3,851. దీనిపై 18 శాతం పన్ను కలిపితే దాదాపు రూ.4,544. 110 సీసీ, 125 సీసీ బండ్లు రెండూ ఒకే శ్రేణిలోకి వస్తాయి కనుక పెద్ద ఇంజను తీసుకున్నందుకు ఈ పద్దులో అదనపు భారం ఉండదు.

సొంత బండికి జరిగే నష్టం, దొంగతనం కోసం తీసుకునే ఓన్ డ్యామేజ్ బీమాను చట్టం తప్పనిసరి చేయలేదు. అప్పు ఇచ్చే సంస్థలు మాత్రం సాధారణంగా దీనిని కోరతాయి. యజమానికి రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద రక్షణ కూడా తప్పనిసరి. ఇప్పటికే అటువంటి రక్షణ ఉన్నవారు మళ్ళీ కొననవసరం లేదు. ఈ పత్రంలో నామినీ పేరు సరిగా నమోదు చేయించడం మరువరాదు. బీమాను షోరూం చెప్పిన సంస్థ వద్దే తీసుకోవాలన్న నిబంధన లేదు. వేరే సంస్థల ధరలు తెలుసుకొని, పోల్చి చూసుకొనే హక్కు కొనుగోలుదారుకు ఉంది.

ఇక మిగిలినవి ఐచ్ఛికం. సీటు కవరు, క్రాష్ గార్డు, మ్యాట్, పైపూత, పొడిగించిన వారంటీ, వార్షిక సర్వీసు ఒప్పందం వంటివి బిల్లులో కలిసి వస్తుంటాయి. హ్యాండ్లింగ్ చార్జీ అనేది ప్రభుత్వ పన్ను కాదు. ప్రతి అంశానికీ విడివిడిగా ధర రాసిన కొటేషన్ కోరి, అక్కరలేని వాటిని కొట్టివేయించుకోవాలి. ఒకే నమూనాకు ఇద్దరు డీలర్ల కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎక్కడుందో స్పష్టమవుతుంది.

డీలరు నుంచి అడిగి తీసుకోవలసినది కూడా ఒకటుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ద్విచక్ర వాహనం కొన్నప్పుడు భారతీయ ప్రమాణాలకు అనుగుణమైన హెల్మెట్‌ను దానితోపాటు అందజేయాలి. వెనుక కూర్చునేవారి కోసం పట్టుకొనే కమ్మీ, పాదాలు ఆన్చే అమరిక, వెనుక చక్రాన్ని కప్పే చీర గార్డు ఉండాలని కూడా నిబంధనలు చెబుతున్నాయి. ఇవి విడి అలంకరణలు కావు.

అప్పు: అసలు తేడా ఇక్కడే

ఒక ఉదాహరణ చూద్దాం. ఆన్‌రోడ్ ధర రూ.95,000 అనుకుందాం. కొనుగోలుదారు రూ.15,000 ముందుగా చెల్లించి, రూ.80,000 మూడేళ్ళ వాయిదాలపై తీసుకున్నారు. వడ్డీ 10 శాతమేనని, అదీ ఫ్లాట్ రేటని చెప్పారు. ఏటా రూ.8,000 చొప్పున మూడేళ్ళకు వడ్డీ రూ.24,000. మొత్తం రూ.1,04,000ను 36 నెలలకు పంచితే నెలసరి వాయిదా సుమారు రూ.2,889.

ఫ్లాట్ వడ్డీ పద్ధతిలో ప్రతి నెలా అసలు కొంత తీరుతున్నా, వడ్డీని మాత్రం మొదటి రోజు బాకీ మీదే చివరి వరకూ లెక్కిస్తారు. తగ్గుతున్న బాకీ మీద లెక్కిస్తే ఇదే వాయిదా దాదాపు 18 శాతం వార్షిక వడ్డీకి సమానం. కనుక ఒక సంస్థ ఫ్లాట్ 10 శాతం అని, మరొక సంస్థ తగ్గే బాకీపై 14 శాతం అని చెబితే, రెండవదే చౌక.

ఈ గందరగోళం తొలగించేందుకు భారతీయ రిజర్వు బ్యాంకు 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరయ్యే రిటైల్ రుణాలకు కీలక వివరాల పత్రం ఇవ్వడం తప్పనిసరి చేసింది. వడ్డీతోపాటు ప్రాసెసింగ్ రుసుము వంటి ఖర్చులన్నీ కలిపిన వార్షిక శాతం అందులో ఉంటుంది. సంతకం చేయకముందే ఆ పత్రం అడిగి, ఆ ఒక్క శాతాన్ని రెండు మూడు సంస్థల మధ్య పోల్చాలి. గడువుకు ముందే అప్పు తీర్చితే ఎంత రుసుము పడుతుందో, వాయిదా తప్పితే ఎంత జరిమానా ఉంటుందో కూడా అదే సమయంలో తెలుసుకోవాలి.

ఇదే బండికి రూ.45,000 ముందుగా చెల్లించి, రూ.50,000 మాత్రమే తగ్గే బాకీపై 18 శాతం వడ్డీకి రెండేళ్ళ గడువుతో తీసుకుంటే నెలసరి వాయిదా దాదాపు రూ.2,496, మొత్తం వడ్డీ దాదాపు రూ.9,900 అవుతుంది. మొదటి పద్ధతితో పోలిస్తే రూ.14,000 పైచిలుకు ఆదా.

అంత సొమ్ము ముందుగా ఎక్కడిదన్న ప్రశ్న సహజం. వీలున్నవారు కొనుగోలును పది నెలలు వాయిదా వేసి, బండి కొన్నట్లే భావించి నెలకు రూ.3,000 బ్యాంకులో జమ చేస్తూ రావచ్చు. పది నెలలకు రూ.30,000 చేతికి వస్తుంది. ప్రతి నెలా ఆ మొత్తం తీసి పక్కన పెట్టగలిగితే వాయిదా భరించగల శక్తి ఉందని అర్థం. మూడవ నెలలోనే ఇంటి ఖర్చుకు ఇబ్బంది కలిగితే, అప్పు మెడకు చుట్టుకోకముందే ఆ సంగతి తెలిసిపోతుంది.

మైలేజీ, నెలసరి ఖర్చు

కంపెనీలు ప్రకటించే మైలేజీ నిర్ణీత పరీక్షా పరిస్థితులలో లెక్కించినది. సిగ్నళ్ళ వద్ద ఆగుతూ సాగే నగర ప్రయాణంలో అంత రాదు. అదే నమూనాను మీ ఊళ్ళోనే ఏడాదికి పైగా వాడుతున్న ఇద్దరు ముగ్గురిని అడగడం అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి.

మైలేజీ తేడా విలువ ఎంతో లెక్క వేసి చూడాలి. రోజుకు 30 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు అంటే 750 కిలోమీటర్లు. పెట్రోలు లీటరు రూ.108 అనుకుంటే, లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండికి నెలకు రూ.1,800, 50 కిలోమీటర్లు ఇచ్చే బండికి రూ.1,620 ఖర్చవుతుంది. నెలకు తేడా రూ.180. మూడేళ్ళకు రూ.6,480. పై ఉదాహరణలో అప్పుపై కట్టిన వడ్డీ రూ.24,000. మైలేజీ గురించి పదిమందిని విచారించే కొనుగోలుదారు, వడ్డీ గురించి ఒక్కరినీ విచారించకపోతే నష్టపోయేది ఎక్కడో ఈ రెండు అంకెలే చెబుతాయి.

సర్వీసు, ఆయిలు, బ్రేకు షూలు, టైర్లు, బ్యాటరీ కోసం నెలకు రూ.400 పక్కన పెడదాం. వాయిదా, పెట్రోలు, నిర్వహణ కలిపితే నెలకు దాదాపు రూ.5,100. నెలకు రూ.18,000 సంపాదించే వ్యక్తికి ఇది ఆదాయంలో నాలుగో వంతు కంటే ఎక్కువ. మూడేళ్ళలో 27,000 కిలోమీటర్ల ప్రయాణానికి ముందు చెల్లింపుతో సహా అయ్యే మొత్తం రూ.1,98,200. అంటే కిలోమీటరుకు రూ.7కు పైగా. ఆ తరువాత బండి చేతిలో ఉంటుంది, వాయిదా ఉండదు. కాబట్టి అప్పు తీరిన తరువాత మరో అయిదారేళ్ళు బండిని నిలబెట్టుకోవడంలోనే అసలైన పొదుపు ఉంది.

అలా నిలబెట్టుకోవాలంటే స్కూటరు నిర్మాణం గురించి కొంత తెలిసి ఉండాలి. మోటారు సైకిల్‌లో ఉండే గొలుసు, గేర్ల స్థానంలో స్కూటరులో బెల్టు, రోలర్లు ఉంటాయి. వేగాన్ని బట్టి అవే గేరు నిష్పత్తిని మారుస్తాయి. వాడకం సులభమే గానీ ఈ అమరిక వల్లనే అదే పరిమాణం గల మోటారు సైకిల్ కంటే స్కూటరు మైలేజీ కొంత తక్కువ. బెల్టు సుమారు 20,000 కిలోమీటర్ల తరువాత అరిగిపోతుంది. యజమాని పుస్తకంలో చెప్పిన దూరానికి దానిని మార్చకపోతే దారి మధ్యలో తెగి బండి కదలదు.

స్కూటరు ఇంజను ఆయిలు వేరు, మోటారు సైకిల్ ఆయిలు వేరు. బైకులో క్లచ్ ఆయిలులోనే మునిగి పనిచేస్తుంది, స్కూటరులో అలా ఉండదు. అందుకే స్కూటర్లకు ఎంబీ అనే ప్రమాణం గల ఆయిలు వాడాలి. ఇంజను ఆయిలుతోపాటు వెనుక చక్రం వద్ద గేరు ఆయిలు కొద్ది పరిమాణంలో విడిగా ఉంటుంది. దీనిని మార్చడం చాలామంది మరచిపోతారు. టైర్లలో గాలి వారానికి ఒకసారి చూపించడం, గాలి వడపోతను సకాలంలో మార్చడం ఖర్చు తక్కువ పనులు. వీటిని వదిలేస్తే పెట్రోలు రూపంలో ఎక్కువ చెల్లించవలసి వస్తుంది.

ఏ నమూనా కొన్నా, ఇంటికి దగ్గరలో సర్వీసు కేంద్రం, విడిభాగాలు దొరికే దుకాణం, ఆ బండి తెలిసిన మెకానిక్ ఉన్నారా అన్నది చూడాలి. చిన్న పట్టణాలలో ఇది ధర కంటే ముఖ్యం. విడిభాగం కోసం వారం రోజులు ఆగితే, ఆ వారం ఆటో చార్జీలూ, పోయిన కూలీ కూడా బండి ఖర్చులోనే లెక్క.

పాత బండి కొనేవారికి

చేతిలో నలభై, యాభై వేలు మాత్రమే ఉండి అప్పు వద్దనుకునేవారికి పాత స్కూటరు మంచి మార్గం. తొందరపడితే మాత్రం ప్రమాదం కూడా ఎక్కువే. తెలిసినవారి బండి, ఒకే యజమాని వాడినది, సర్వీసు పుస్తకం ఉన్నది అయితే మేలు.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఆ తరువాతి స్కూటర్లకు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది. అంతకు ముందువాటికి సాధారణంగా కార్బురేటర్ ఉంటుంది. కార్బురేటర్ బండిని ఏ వీధి మెకానిక్ అయినా బాగుచేయగలరు. ఇంజెక్షన్ బండి చలి ఉదయాల్లో సులభంగా స్టార్ట్ అవుతుంది గానీ, బ్యాటరీ పూర్తిగా పోతే ఇబ్బంది పెడుతుంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును తట్టుకొనే భాగాలు 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లలో తప్పనిసరి. అంతకు పాత బండి కొంటే పెట్రోలు గొట్టాలు, రబ్బరు సీళ్ళ పరిస్థితిని మెకానిక్‌తో చూపించుకోవాలి.

బండిని ఉదయం, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ముందే వేడి చేసి ఉంచిన ఇంజను లోపాలను దాచగలదు. స్టార్ట్ చేసిన తరువాత పొగ గొట్టం నుంచి నీలిరంగు పొగ ఆగకుండా వస్తుంటే ఇంజను ఆయిలును కాలుస్తున్నదని అర్థం. ఖాళీ రోడ్డుపై హ్యాండిల్‌ను తేలికగా పట్టుకొని నడిపినప్పుడు బండి ఒక పక్కకు లాగితే ప్రమాదంలో ఫ్రేము వంగి ఉండవచ్చు. ముందు ఫోర్కుల వద్ద ఆయిలు కారడం, కాళ్ళు పెట్టుకొనే చోట అడుగున తుప్పు, హ్యాండిల్ తిప్పేటప్పుడు మధ్యలో పట్టేయడం గమనించాలి. టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 2322 అని ఉంటే 2022లో 23వ వారం అని అర్థం.

వరద నీటిలో మునిగిన బండ్ల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. 2024 సెప్టెంబర్ ఆరంభంలో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు ఇళ్ళ ముందు నిలిపిన ద్విచక్ర వాహనాలు పెద్ద సంఖ్యలో నీట మునిగాయి. అటువంటి బండి పైకి కొత్తగా మెరిసినా, వైర్ల కనెక్షన్లలో పచ్చని చిలుము, సీటు కింద మూలల్లో ఎండిన బురద, హెడ్‌లైటు లోపల తేమ గుర్తులు మిగులుతాయి. ఓన్ డ్యామేజ్ బీమా ఉన్న బండి అయితే క్లెయిము వివరాలు అడగాలి.

పత్రాల పరిశీలన అంతకన్నా ముఖ్యం. రిజిస్ట్రేషన్ పత్రంలోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండిపై ఉన్నవాటితో సరిపోవాలి. వివరాలను ఎంపరివాహన్ యాప్‌లోనూ సరిచూడవచ్చు. పత్రంపై అప్పు ఇచ్చిన సంస్థ పేరు ఉంటే, అప్పు తీరినట్లు ఆ సంస్థ ఇచ్చే ఫారం 35, నిరభ్యంతర పత్రం లేకుండా సొమ్ము చెల్లించకూడదు. చెల్లించని ట్రాఫిక్ చలానాలు, బీమా గడువు, కాలుష్య ధ్రువపత్రం కూడా చూడాలి. వేరే రాష్ట్రపు బండి అయితే ఫారం 28తో నిరభ్యంతర పత్రం, ఇక్కడ చెల్లించవలసిన జీవితకాల పన్ను ముందే తెలుసుకోవాలి. చౌకగా వచ్చిన పొరుగు రాష్ట్రపు బండి ఈ పన్నుతో ఖరీదైపోవచ్చు.

పేరు మార్పిడిని రెండు పక్షాలూ నిర్లక్ష్యం చేయరాదు. ఫారం 29, ఫారం 30 ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. అదే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా అధికారులకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. ప్రమాదం జరిగినప్పుడు రికార్డులలో ఎవరి పేరుంటే వారే యజమానిగా బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. పాత బండి అమ్మి కొత్తది కొనేవారికీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. బీమాను కూడా కొత్త యజమాని పేరుకు మార్పించుకోవాలి.

పొదుపు చేయకూడని చోటు

కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారు. హెల్మెట్ లేనందువల్ల మరణించినవారిగా 50,029 మందిని ఆ నివేదిక పేర్కొన్నది. వారిలో 14,000 మందికి పైగా వెనుక కూర్చున్నవారు. అందువల్ల బండి బడ్జెట్‌లో రెండు ఐఎస్ఐ హెల్మెట్ల ఖర్చు మొదటే కలపాలి. ఐఎస్ఐ ముద్ర లేని హెల్మెట్ల తయారీ, విక్రయాలను 2021 జూన్ 1 నుంచి నిషేధించారు. రోడ్డు పక్కన నూటయాభైకి దొరికే టోపీ జరిమానాను తప్పించవచ్చు గానీ తలను కాపాడలేదు.

నాలుగేళ్ళ లోపు పిల్లలను వెంట తీసుకువెళ్ళేటప్పుడు వారిని నడిపేవారికి కట్టి ఉంచే భద్రతా పట్టీ, పిల్లల హెల్మెట్ ఉండాలని, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు ఉన్న కొత్త బండ్లకు కంబైన్డ్ బ్రేకింగ్ వ్యవస్థ లేదా ఏబీఎస్ తప్పనిసరి. కంబైన్డ్ వ్యవస్థ ఉన్న స్కూటరులో ఎడమ బ్రేకు నొక్కితే వెనుక చక్రంతోపాటు ముందు చక్రానికీ కొంత బ్రేకు పడుతుంది. అంతకు ముందు తయారైన పాత బండిలో ఇది ఉండకపోవచ్చు. ఒకే నమూనాలో డ్రమ్ బ్రేకు, డిస్క్ బ్రేకు రకాలు ఉన్నప్పుడు, రహదారిపై ఎక్కువగా తిరిగేవారు రంగులకు, బ్లూటూత్ తెరకు పెట్టే అదనపు సొమ్మును ముందు డిస్క్ బ్రేకుకు పెట్టడం మంచిది.

లైసెన్సు, వయసు

ఇంటర్మీడియట్ చదివే పిల్లల కోసం స్కూటరు కొనే తల్లిదండ్రులు చట్టాన్ని తెలుసుకోవాలి. 16 ఏళ్ళు నిండినవారికి 50 సీసీ మించని బండికే లైసెన్సు లభిస్తుంది. నేటి 100, 110, 125 సీసీ బండ్లకు, మోపెడ్‌తో సహా, 18 ఏళ్ళు నిండాలి. మైనరు నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకునికి లేదా యజమానికి మూడేళ్ళ వరకు జైలు, రూ.25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దు ఉంటాయి. ఆ మైనరుకు 25 ఏళ్ళు వచ్చే వరకు లైసెన్సు ఇవ్వరు. లైసెన్సు లేకుండా నడిపితే రూ.5,000, థర్డ్ పార్టీ బీమా లేకుంటే మొదటిసారి రూ.2,000 వరకు జరిమానా పడవచ్చు. బీమా లేని బండి వల్ల ఎవరికైనా ప్రాణహాని జరిగితే పరిహారం మొత్తం యజమాని ఆస్తి నుంచే వసూలవుతుంది. పేద కుటుంబాన్ని ఇల్లు అమ్ముకొనే స్థితికి తెచ్చేది ఈ ఒక్క నిర్లక్ష్యమే.

విద్యుత్ స్కూటరు సంగతి

ఇంటి వద్ద సొంత ప్లగ్ పాయింట్ ఉండి, రోజుకు నిర్ణీత దూరం తిరిగేవారు పెట్రోలు బండితో పాటు విద్యుత్ స్కూటరునూ లెక్కలోకి తీసుకోవచ్చు. వీటిపై వస్తు సేవల పన్ను 5 శాతమే. తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుముల మినహాయింపు ప్రకటించారు. అయితే బ్యాటరీ వారంటీ ఎన్నేళ్ళు, ఆ తరువాత మార్చడానికి ఎంత ఖర్చు, సర్వీసు కేంద్రం ఎంత దూరం అన్న మూడు విషయాలు రాతపూర్వకంగా తెలుసుకోవాలి. అద్దె ఇంట్లో మూడో అంతస్తులో ఉంటూ కింద చార్జింగ్ సౌకర్యం లేనివారికి పెట్రోలు బండే అనుకూలం. గంటకు 25 కిలోమీటర్ల వేగం, 250 వాట్ల మోటారు మించని బండ్లకు మాత్రమే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అవసరం లేదు. అంతకు మించిన వేగంతో వెళ్ళే బండిని లైసెన్సు అక్కరలేదని అమ్మజూపితే నమ్మరాదు.

నిర్ణయ క్రమం

ముందుగా నెలకు ఎంత భరించగలరో తేల్చుకోవాలి. అందులో పెట్రోలు, నిర్వహణ తీసివేయగా మిగిలినదే వాయిదాకు హద్దు. ఆ హద్దులో కొత్త బండి రాకపోతే కొన్ని నెలలు సొమ్ము కూడబెట్టడమో, మంచి పాత బండి వెతకడమో చేయాలి గాని, వాయిదాల సంఖ్య పెంచుకోవడం సరికాదు. తరువాత బరువు, దూరం, దారి చూసి ఇంజను తరగతిని, ఊళ్ళో ఉన్న మెకానిక్‌ను చూసి నమూనాను, విడివిడి కొటేషన్లు చూసి డీలరును, వార్షిక శాతం చూసి అప్పు ఇచ్చే సంస్థను ఎంచుకోవాలి. రంగు చివరిది.

బండి ఇంటికి వచ్చిన రోజున రెండు హెల్మెట్లు కూడా దానితోపాటు రావాలి. రిజిస్ట్రేషన్ పత్రం, బీమా ప్రతి, లైసెన్సు డిజిలాకర్‌లో భద్రపరచుకుంటే అవి అసలు పత్రాలతో సమానంగా చెల్లుతాయి. మొదటి సర్వీసు తేదీని గోడ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాలి. ఇంత శ్రద్ధతో కొని, సకాలంలో సంరక్షించుకున్న చిన్న స్కూటరు అప్పు తీరిన తరువాత కూడా చాలా ఏళ్ళు ఆ ఇంటికి అక్కరకు వస్తుంది.